మళ్ళీ 2133

పొద్దున చిన్నది "నాన్నా, సిస్టమ్ మళ్ళా మొరాయిస్తాంది" అనింది. ఏ సైటూ తెరుచుకోవడం లేదు. గడియారం చూస్తే కొన్నేళ్ళు వెనక్కి పోయి ఉంది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, దాంట్లో మెమరీ తెరిచా. స్పీడ్ 2133. ఈ నెలలో ఇది మూడోసారి. మెమరీ (ర్యామ్) స్టిక్కుల మీద రాసి ఉన్నది 3600.

తప్పు స్టిక్కులది కాదు, మదర్‌బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ళ బ్యాటరీది. ప్లగ్‌లో కరెంటు ఉన్నంతసేపూ బోర్డుకు దాని అవసరం ఉండదు. మా ఇంట్లో రాత్రి పడుకునే ముందు స్విచ్‌బోర్డు దగ్గరే ఆపేస్తారు, పైగా కర్నూలు ఎండాకాలం కోతలు. బిళ్ళ నీరసిస్తే తారీఖు పోతుంది, చాలా బోర్డుల్లో బయాస్ (మిషను లేవగానే మొదట నడిచే బోర్డు ప్రోగ్రాం) సెట్టింగులూ దాంతోపాటే పోతాయి. మీటరు పెడితే 2.4 వోల్టులు. కొత్తదైతే 3 పైనే చూపించాలి. సాయంత్రం కొండారెడ్డి బురుజు వైపు పోయినప్పుడు గడియారాల కొట్లో ఒకటి తెచ్చి వేశా. అక్కడితో అయిపోవాల్సిన పని.

కానీ మంట తగ్గలేదు. స్టిక్కులు అమ్మినాయన బిల్లులో 3600 అని రాశాడే గానీ, అది దానంతటది రాదని ఒక్క ముక్క చెప్పలేదు. ప్రతి స్టిక్కు మీదా ఎస్పీడీ అని చిన్న చిప్పు ఉంటుంది. బోర్డు మొదట దాంట్లోని మామూలు పట్టికే చదువుతుంది. మన స్టిక్కుల్లో అది 2133, 1.2 వోల్టులు. 3600, 1.35 వోల్టులు అనే ఎక్స్‌ఎంపీ పట్టిక కూడా అదే చిప్పులో ఉంటుంది, కాకపోతే మనిషి పోయి ఎంచుకోవాలి. ఆన్ చేయగానే డిలీట్ కీ కొడుతూ బయాస్‌లోకి పోవాలి. అక్కడ ఎక్స్‌ఎంపీ అనో, ఏఎండీ బోర్డుల్లో డీఓసీపీ, ఏ-ఎక్స్‌ఎంపీ అనో ఉంటుంది. కొత్త తరం మెమరీ డీడీఆర్5 అయితే ఎక్స్‌పో కూడా. ప్రొఫైల్ 1 పెట్టి ఎఫ్10. ఆ తర్వాత తెర నల్లగా ఉండి, మిషను రెండు మూడుసార్లు ఆగి లేస్తుంది. మెమరీని సరిచూసుకుంటూ ఉంటుంది, కంగారుపడి పవర్ బటన్ నొక్కకూడదు. డీడీఆర్5కి మొదటిసారి నిమిషాలు పడుతుంది. ఎంతకీ లేవకపోతే ప్లగ్ తీసి, బిళ్ళ ఊడదీసి ఐదు నిమిషాలాగి మళ్ళీ పెడితే చాలా బోర్డులు మొదటికి వస్తాయి. తర్వాత సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాంలో 1800 కనిపిస్తే సగమే వచ్చిందని బెంబేలు పడొద్దు. ఒక్కో క్లాకుకు రెండుసార్లు డేటా పోతుంది కాబట్టి రెండుతో గుణించుకోవాలి.

దీంతో ఎదురింటి అబ్బాయి మిషను గుర్తొచ్చింది. ఐ5-10400 ప్రాసెసర్, బీ460 బోర్డు, 3200 స్టిక్కులు. రెండు సాయంత్రాలు కూర్చున్నాం. ఎక్స్‌ఎంపీ పెట్టినా 2666 దాటదు. స్టిక్కులు తీసి తుడిచాం, స్లాట్లు మార్చాం, బయాస్ కొత్తది ఎక్కించాం. వాళ్ళమ్మ రెండుసార్లు టీ ఇచ్చి, "ఇంగ యాడ ఆగిందప్పా?" అని అడిగిపోయింది. ఆగింది చిప్‌సెట్ దగ్గర, అంటే బోర్డు మీది ముఖ్యమైన చిప్పు దగ్గర; బీ460 దాని పేరే. బీ460లో మెమరీని ప్రాసెసర్ హద్దు దాటించే వీల్లేదు, ఆ ఐ5 హద్దు 2666. ఆ హద్దు ఎత్తేసింది బీ560లో. కొనేముందు ఒక్కమాట చెప్పే దిక్కుంటే ఆ డబ్బు మిగిలేది. అయితే ఆ వెతుకులాటలోనే అసలు లోపం బయటపడింది. రెండు స్టిక్కులూ పక్కపక్క స్లాట్లలో, ఒకే చానెల్‌లో (మెమరీకీ ప్రాసెసర్‌కీ మధ్య దారిలో) ఉన్నాయి. ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాకే మిషను కదిలింది. లెక్క వేసి చూడండి: 3600 ఒకే చానెల్‌లో సెకనుకు 28.8 జీబీ, 2133 రెండు చానెళ్ళలో 34.1 జీబీ. మా రైజన్ 5600జీ ప్రాసెసర్ లాగా గ్రాఫిక్సు కూడా ఈ మెమరీనే వాడుకునే వాటిలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

ఇంతవరకు రాసి, మెమరీని పరీక్షించే మెమ్‌టెస్ట్86 వైపు చూశా. 3600 పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి దాన్ని మొదలుపెట్టే ఈ రాతకు కూర్చున్నా. రెండో పాస్‌లో, అంటే రెండో విడతలో, ఒక ఎర్రర్. ఒక్కటే. మెమరీలో ఒక్కటి కూడా ఉండకూడదు. సంక్రాంతికి ముందు చిన్నదాని జిప్ ఫైళ్ళు తెరుచుకోకపోతే హార్డ్‌డిస్క్‌ను తిట్టా. కారణం ఇదేనేమో. ఇన్నాళ్ళూ పరీక్ష పెట్టకుండా 3600 నడిపించాం.

పైన అమ్మినాయన మీద రాసింది కొంత వెనక్కి తీసుకుంటున్నా. 5600జీకి ఏఎండీ చెప్పిన వేగం 3200. 3600 అన్నది స్టిక్కుల మాట, ప్రాసెసర్ మాట కాదు. చెప్పి ఉంటే బాగుండేది, అంతే.

ఇప్పుడు 3200కి దించా. టైమింగులు (ఒక్కో పనికి మెమరీ ఎన్ని క్లాకులు ఆగాలో చెప్పే అంకెలు) అవే వదిలేస్తే నిదానిస్తుంది, అందుకని 18-22-22-42ని 16/18తో (3200, 3600ల నిష్పత్తితో) గుణించి, పైకి సవరించి 16-20-20-38 పెట్టా. సీఎల్ అంటే వాటిలో మొదటి అంకె; 3600కి సీఎల్18 అయినా, 3200కి సీఎల్16 అయినా తొలి అక్షరం రావడానికి 10 నానోసెకన్లే. తగ్గేది 57.6 జీబీ నుంచి 51.2 జీబీకి దారి వెడల్పు. వోల్టేజీ 1.35 అలాగే ఉంచా. ప్రాసెసర్ లోపలి భాగాలను కలిపే ఫ్యాబ్రిక్ క్లాకు 1600, మెమరీ క్లాకుతో సమానం.

ఉచిత మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు తిప్పుతుంది. ఇప్పుడు మూడోది నడుస్తోంది, ఎర్రర్లు సున్నా. స్విచ్‌బోర్డు మీద కాగితం అంటించా: ఈ రాత్రికి ఆపొద్దు.