గోడెక్కిన మా వాళ్లు

బీరువాలో కవర్లలో మూలుగుతున్న పాత ఫోటోలకి ఎట్టకేలకు గోడ దొరికింది. ఫ్రేముల షాపువాళ్లు చెప్పిన రేటు విని దండం పెట్టి, బేగంబజార్‌లో రెడీమేడ్ ఏ4 ఫ్రేములు, అబిడ్స్‌లో ఒక పెద్ద మౌంట్ బోర్డు (ఫోటో చుట్టూ అంచులా పెట్టే మందపాటి అట్ట) షీటు కొనుక్కొచ్చాం.

అసలు పనంతా ఆ బోర్డుదే. అద్దానికీ ఫోటోకీ మధ్య సందు ఉంచేది అదే. లేకపోతే వానాకాలం తేమకి ఫోటో అద్దానికి అతుక్కుపోతుంది, లాగితే పైపొర ఊడొస్తుంది. 4×6 అంగుళాల ఫోటోకి బోర్డు మధ్యలో కిటికీలా 3¾×5¾ కోస్తే ఫోటో అంచులు బోర్డు వెనకే ఆగుతాయి. బోర్డు కింది అంచు కాస్త వెడల్పుగా ఉండాలి. సమానంగా పెడితే ఎందుకో ఫోటో కిందికి జారినట్టుంటుంది. స్టీలు స్కేలు, కొత్త బ్లేడు చాలు. ఒకేసారి తెగాలని బలం పెట్టకుండా అదే గీత మీద మెల్లగా మళ్లీ మళ్లీ లాగాలి. జిగురు, సెల్లోటేపు మాత్రం వద్దు, పసుపెక్కుతాయి. ఫోటో నిలవడానికి దాని మూలలకి చిన్న కాగితపు జేబులు పెట్టాను.

తాతయ్య, నాయనమ్మల స్టూడియో ఫోటోకి స్కాన్ చేయించిన ప్రింటే గోడకెక్కింది. అసలుది బీరువాలోనే భద్రం. ఎండ పడే గోడ జోలికి పోలేదు.

అమ్మ మాత్రం, "పోయినవాళ్ల పక్కన బతికున్నవాళ్లని పెడతార్రా?" అంది. చివరికి పెద్దవాళ్లు పై వరసలో, మేం కింద అని రాజీ కుదిరింది.

బోర్డు ఇంకా సగం మిగిలింది. పిన్ని వాళ్ల ఆర్డర్ అప్పుడే వచ్చేసింది, డబ్బుల మాట లేకుండా.