ఫ్రిజ్ తలుపు మీది కాగితం

రాత్రి పదకొండు దాటింది. అక్క సాయంత్రం ఇచ్చి వెళ్ళిన ప్రోబయాటిక్ సీసా బల్ల మీద నా ఎదురుగా ఉంది. దాని మూత నేను ఇంకా తియ్యలేదు. అయితే నాకు నిద్ర పట్టకుండా చేస్తున్నది ఆ సీసా కాదు, మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీస్తూ అక్క అడిగిన ఒక్క ప్రశ్న. ఆ తలుపు మీద అంటించి ఉన్నది, కడుపునొప్పి కోసం నేను తగ్గించుకోవలసిన పదార్థాల జాబితా. “ఈ కాగితం ఆరు వారాలకే అన్నావు కదే?” అంది. అందులో ఎత్తిపొడుపు ఏమీ లేదు. కనిపించింది కాబట్టి అడిగింది. నేను మాత్రం “నా కడుపు సంగతి నాకు తెలుసులే అక్కా” అని ముఖం తిప్పుకున్నాను. ఆమె మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది.

ముందుగా సీసా గురించి రాస్తాను, ఎందుకంటే సాయంత్రం నుంచి నా కోపమంతా దాని మీదికే పోతోంది. దాని మీద పెద్ద అక్షరాలతో “5,000 కోట్ల సజీవ సూక్ష్మజీవులు” అని ఉంది. అవి ఏవో తెలుసుకుందామని వెనక్కి తిప్పితే లాక్టోబాసిల్లస్, బైఫిడోబాక్టీరియం అన్న రెండు పేర్లు తప్ప, అవి ఏ స్ట్రెయిన్‌కు, అంటే ఆ జాతిలోని ఏ ఉపరకానికి చెందినవో ఎక్కడా లేదు. ఇది చిన్న లోపం కాదు. తగినంత మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయాటిక్స్ అని 2001లో ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణులు నిర్వచించారు. ఆ మేలు ఒక స్ట్రెయిన్ విషయంలో రుజువైనంత మాత్రాన దాని పక్క స్ట్రెయిన్‌కు కూడా వర్తించదు. కాబట్టి స్ట్రెయిన్ పేరు లేని సీసాను చేతిలో పెట్టుకుని, దాని మీద ఎవరు ఏం పరీక్షించారో వెతుకుదామన్నా దారి ఉండదు.

ఆ అంకె నన్ను ఇంకా ఎక్కువగా బాధించింది. ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న భావనతోనే దానిని అంత పెద్దగా అచ్చు వేస్తారు. నాకున్న జబ్బు పేరు ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్), పరీక్షలలో ఏమీ కనిపించకపోయినా కడుపునొప్పి, ఉబ్బరం పెట్టే పేగు సమస్య. 2006లో వెలువడిన ఒక పరిశోధనలో అది ఉన్న 362 మంది స్త్రీలను నాలుగు జట్లుగా చేసి, మూడు జట్లకు బైఫిడోబాక్టీరియం ఇన్ఫాంటిస్ 35624 అనే స్ట్రెయిన్‌ను రోజుకు 10 లక్షలు, 10 కోట్లు, 1,000 కోట్లు అన్న మోతాదులలో, నాలుగవ జట్టుకు మందు లేని ఉత్తుత్తి మాత్రను నాలుగు వారాల పాటు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర కంటే స్పష్టంగా మెరుగైన ఫలితం ఇచ్చింది మధ్య మోతాదు ఒక్కటే. అన్నిటికంటే పెద్ద మోతాదు విఫలమవడానికి కారణం వెతికితే, ఆ గొట్టపు మాత్రలోని పొడి తడి తగలగానే జిగురు ముద్దలా గట్టిపడి, లోపలి బ్యాక్టీరియా బయటికి రాలేకపోయిందని తేలింది. సీసా మీద ఎన్ని కోట్లు అచ్చు వేసినా, పేగులో విడుదల కానిది లేనిదానితో సమానమే.

వైద్య సంఘాలు కూడా ఈ విషయంలో ఒక్క మాట మీద లేవు. పరిశోధనలలో భాగంగా తప్ప ఐబీఎస్‌కు ప్రోబయాటిక్స్ వాడవద్దని 2020లో అమెరికన్ గ్యాస్ట్రోఎంటరలాజికల్ అసోసియేషన్ చెప్పింది. మొత్తం మీద కొంత మేలు ఉండవచ్చు కానీ ఫలానా స్ట్రెయిన్ అని సిఫారసు చెయ్యలేమని, వాడదలచుకున్నవారు 12 వారాల వరకు వాడి చూసి, గుణం కనిపించకపోతే మానెయ్యాలని 2021లో బ్రిటిష్ సొసైటీ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ చెప్పింది. ఇవన్నీ తెలిసి కూడా నేను అక్కకు ఒక్క ముక్క వివరించలేదు. “ఇవన్నీ వ్యాపారం” అని మాత్రం అన్నాను. చెల్లెలి కడుపునొప్పి తగ్గాలని కొనుక్కొచ్చిన మనిషికి ఆ జవాబు సరిపోదు.

నేను ఎందుకంత మొండిగా మాట్లాడానో ఆలోచిస్తూ కూర్చుంటే, నాలుగేళ్ళ కిందటి ఆ గది గుర్తుకు వచ్చింది. రక్తపరీక్ష, గోధుమలలోని గ్లూటెన్ పడని జబ్బు ఉందేమో చూసే సీలియాక్ పరీక్ష, పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ అన్నీ అయిపోయిన తరువాత, ఒక డాక్టరు గారు నా ఫైలు మూసి “అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి, మీకేమీ లేదు” అన్నారు. అక్క నా పక్కనే కూర్చుని ఉంది. బయటకు వచ్చాక వరండాలో ఒక బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాము. ఏమీ లేదంటే సంతోషించాలి కదా, నాకు మాత్రం ఏడుపు వచ్చింది. తెల్లవారుజామున మెలిపెట్టే నొప్పి, ఎక్కడికి వెళ్ళినా ముందుగా బాత్‌రూమ్ ఎటువైపుందో చూసుకునే అలవాటు, సాయంత్రానికి బిగిసిపోయే పొట్ట, ఇవన్నీ ఉండగా నాకేమీ లేదని ఎలా అంటారు? ఆ రోజు అక్క ఆ మాటను నమ్మలేదు. “లేకపోతే నొప్పి ఎక్కడి నుంచి వస్తోందట?” అని నా వైపు తిరిగి అడిగింది. నాలుగేళ్ళలో నా నొప్పిని ఒక్కసారి కూడా శంకించని మనిషి ఆమె.

ఆ ప్రశ్నకు జవాబు ఎప్పుడో దొరికిందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. 1973లో రిచీ అనే పరిశోధకుడు పెద్దపేగులో చిన్న బెలూన్‌ను ఉంచి ఉబ్బించి చూశారు. బెలూన్‌ను 60 మిల్లీలీటర్ల వరకు ఉబ్బించినప్పుడు, పేగు ఇబ్బందులు లేనివారిలో నొప్పి అన్నవారు 6 శాతమైతే, ఐబీఎస్ ఉన్నవారిలో 55 శాతం. అందరి కడుపులోనూ పుట్టే గాలే కొందరి నాడులకు నొప్పిగా చేరుతుంది. స్కానింగులో కనిపించనిది లేనిది కాదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంభాషణలోని లోపంగా వైద్యులు ఇప్పుడు దీనిని పరిగణిస్తున్నారు. ఆ రోజు ఆ గదిలో ఈ రెండు వాక్యాలు ఎవరైనా చెప్పి ఉంటే ఆ బెంచీ మీద అంతసేపు కూర్చోవలసి వచ్చేది కాదు.

ఇక కాగితం. ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ ఆహార పద్ధతిని మా డైటీషియన్ గారు ఎనిమిది నెలల క్రితం నాకు వివరించి, ఆ జాబితా రాసి ఇచ్చారు. చిన్నపేగు పూర్తిగా పీల్చుకోలేని కొన్ని పిండిపదార్థాలు నీటిని లాక్కుని పేగును బరువెక్కిస్తాయి, ఆపైన పెద్దపేగుకు చేరి అక్కడి బ్యాక్టీరియా చేతిలో పులిసి గాలిని పుట్టిస్తాయి. ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లు, పాలలోని లాక్టోజ్, ఆపిల్‌లోని అదనపు ఫ్రక్టోజ్, సార్బిటాల్, చిక్కుడు జాతి గింజలలోని గాలాక్టాన్లు అటువంటివే. వీటిని నాలుగు నుంచి ఆరు వారాలు తగ్గించాలి, తరువాత ఒక్కొక్క వర్గాన్నీ విడిగా తిరిగి తిని చూడాలి, చివరికి ఎవరికి ఏది ఎంతవరకు పడుతుందో అంతవరకు తినాలి. మూడవ వారానికే నా పొట్ట తేలికపడింది. నిజంగా తేలికపడింది, ఆ ఉపశమనాన్ని నేను ఎప్పటికీ తక్కువ చేసి చెప్పను.

ఆరవ వారం తరువాత ఒకే ఒక్కసారి వెల్లుల్లి తిన్నాను. అది మా పెద్దవాడి పరీక్షా ఫలితాల రోజు. ఇంట్లో మాటా మాటా పెరిగింది, నేను మధ్యాహ్నం భోజనం మాని రాత్రి తొమ్మిదికి ఒక్కసారిగా తిన్నాను. నొప్పి వచ్చింది. నేరం వెల్లుల్లి మీద వేసి, మిగిలిన దశలన్నీ అక్కడితో ఆపేశాను. కాగితం మాత్రం తలుపు మీదే ఉండిపోయింది.

ఇక్కడి వరకు రాసి సీసాను మళ్ళీ చేతిలోకి తీసుకున్నాను. దీనిని ఎవరు పరీక్షించారు, ఎన్నాళ్ళు వాడాలి, ఎప్పుడు మానాలి అని ఆ సీసాను నేను అడిగిన ప్రశ్నలలో ఒక్కటైనా నా కాగితాన్ని అడగలేదు. దానిని ఎప్పుడు ఆపాలో తెలిసి కూడా ఆపలేదు. ఆ జాబితాను కఠినంగా పాటించినవారి పేగులలో నాలుగు వారాలకే బైఫిడోబాక్టీరియా తగ్గినట్లు 2012లో ఒక పరిశోధన చూపింది. అక్క ఏ బ్యాక్టీరియాను సీసాలో తెచ్చి ఇచ్చిందో, దానికి కావలసిన మేతను నేను ఎనిమిది నెలలుగా ఆపుతూ వచ్చాను. సాయంత్రం అక్క తప్పు చేసిందనుకుంటూ మొదలుపెట్టిన ఈ రాత, ఇక్కడికి వచ్చేసరికి ఆ మాట మీద నిలబడలేకపోతోంది.

ఆ మూడవ వారపు ఉపశమనంలో జాబితా వాటా ఎంతో కూడా నాకు ఇప్పుడు స్పష్టంగా తెలియడం లేదు. ఆ వారాలలోనే నేను వేళకు తినడం, నెమ్మదిగా నమలడం, కాఫీ తగ్గించడం, గోధుమ తవుడు మాని ఇసబ్గోల్ మొదలుపెట్టడం కూడా చేశాను. 2015లో స్వీడన్‌లో 75 మందిపై జరిగిన పరిశోధనలో, ఫాడ్‌మ్యాప్ జాబితా పాటించినవారిలోనూ, వేళకు కొద్దికొద్దిగా తినడం వంటి మామూలు సలహాలు పాటించినవారిలోనూ ఇంచుమించు సగం సగం మందికి గుణం కనిపించింది. ఇసబ్గోల్ వంటి కరిగే పీచు ఐబీఎస్‌కు మేలు చేస్తుందని, తవుడు కొందరిలో ఉబ్బరాన్ని పెంచుతుందని డైటీషియన్ గారు మొదటి రోజే చెప్పారు. అయినా ఖ్యాతి అంతా నేను కాగితానికే కట్టబెట్టాను.

ఒక విషయం రాయడం మరిచాను. ఈ రోజు ఆఫీసులో భోజనం దగ్గర తోటి ఉద్యోగిని పెట్టిన కూరలో ఉల్లి ఉందని, తినడం అయిపోయాక తెలిసింది. నాలుగు చెంచాలు తిని ఉంటాను. ఇప్పటికి పది గంటలు గడిచాయి, కడుపు నిమ్మళంగానే ఉంది.

దీని మీద ఏ నిర్ణయానికీ రాను, ఒక్క రోజుతో తేలేది కాదు. సీసాను మాత్రం ఇప్పుడే మొదలుపెట్టను. ఆహారంలోనూ మాత్రలలోనూ ఒకేసారి మార్పు చేస్తే ఏది పనిచేసిందో మళ్ళీ తెలియకుండా పోతుంది. తయారీదారులకు ఉత్తరం రాసి స్ట్రెయిన్ పేరు అడుగుతాను. వాళ్ళు చెబితే, దాని మీద పరీక్షలు ఉంటే, ఆహారం సంగతి తేలాక 12 వారాలు వాడి చూస్తాను. అక్కకు రేపు పొద్దున ఫోను చేసి ఇదంతా చెప్పాలి, సాయంత్రపు మాటకు క్షమాపణ కూడా చెప్పాలి.

ఇందాక లేచి వెళ్ళి కాగితాన్ని తీసుకువచ్చాను. వెనుక వైపు ఖాళీగానే ఉంది. తేదీ, పదార్థం, మోతాదు, తిన్న వేళ, ఆ రోజు మనసు ఎలా ఉంది అని గళ్ళు గీశాను. చివరి గడి డైటీషియన్ గారు చెప్పలేదు, పరీక్షా ఫలితాల రోజు గుర్తుకు వచ్చి నేనే చేర్చాను. మొదటి వరుసలో పాలు రాశాను: ఒక రోజు పావు కప్పు, మరునాడు అర కప్పు, మూడవ నాడు కప్పు, ఆ మూడు రోజులూ మిగిలిన ఆహారం ఇప్పటిలాగే. తరువాత గోధుమలు, ఆ తరువాత ఉల్లి. వెల్లుల్లిని చివరి వరుసలో రాశాను. దాని పక్కన తేదీ ఇంకా వెయ్యలేదు. ఫ్రక్టాన్లు నీటిలో కరుగుతాయి కానీ నూనెలో కరగవు కాబట్టి, నూనెలో రెబ్బలను వేయించి తీసివేస్తే వాసన మిగిలి ఇబ్బంది పోతుందట. ముందు అలా మొదలుపెడతానేమో.