మా అత్త పింఛన్ కోసం ఒక ఆదివారం

నాకు వారంలో దొరికేది ఒక్క ఆదివారమే. విజయనగరంలో ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మిగతా ఆరు రోజులూ ఎలా పోతాయో తెలీదు. నవంబర్లో ఒక ఆదివారం పలాస వెళ్లి మా మేనత్తని చూసి, తిరుగు రైల్లో ఆమదాలవలసలో దిగి అక్క ఇంటికి పోయి, చీకటి పడేలోపు ఇంటికొచ్చీసి బట్టలు ఉతుక్కుందాం అనుకున్నాను. ఆ బట్టలు మంగళవారం దాకా బకెట్లోనే ఉన్నాయి.

పొద్దున్న పాసింజర్ ఎక్కాను. కార్తీక మాసం కదా, గుళ్లకి పోయేవాళ్లు, వనభోజనాలకి గిన్నెలు మోసుకుపోయేవాళ్లు, దూసి దాటి నాగావళి వంతెన వచ్చేదాకా సీటే దొరకలేదు, దొరికాక పలాస ఇంక వచ్చేసిందనగా ఔటర్లో అరగంట ఆపేశాడు. ఇంటికెళ్లేసరికి అత్త గుమ్మంలోనే ఉంది. "ఓలమ్మ, ఇప్పుడొస్తున్నావేటే, ఇడ్లీలు చల్లారిపోనాయి" అంది. ఆ తర్వాత మాట పింఛన్ గురించే.

మా మావయ్య రైల్వేలో గ్యాంగ్‌మేన్. ఆయన పోయాక అత్తకి ఫ్యామిలీ పింఛన్ వస్తోంది. ఏటా నవంబర్లో తను బతికే ఉన్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎనభై ఏళ్లు దాటినవాళ్లయితే అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు. కిందటేడాది ఒక సెంటర్‌కి మూడుసార్లు తిరిగింది, మిషన్ మీద వేలిముద్ర పడలేదు. ఎలా పడుద్ది? ఇరవై ఏళ్లకి పైగా జీడి పిక్కలు కొట్టిన చేతులు అవి. బూడిద రాసుకుని కొట్టినా సరే ఆ జీడి రసం చర్మాన్ని తినేస్తది. అత్త బొటనవేలు నా చేతిలో పెట్టుకుని చూశాను, గీతలన్నవే లేవు, నున్నగా గాజుముక్కలా ఉంది, అంచుల్లో మాత్రం నల్లటి పగుళ్లు. "నేనేటి చేసీది తల్లీ, ఏల్లు పడనేదు" అని తప్పు తనదైనట్టు చెప్తుంటే నాకు గుండె పిండేసినట్టయింది. ఆ ఏడాది రెండు నెలలు పింఛన్ ఆగిపోయింది, బావ హైదరాబాద్ నుంచి డబ్బులు పంపితే గడిచింది.

ఈ లైఫ్ సర్టిఫికెట్‌ని ఆధార్‌తో ఆన్‌లైన్లో ఇచ్చే పద్ధతి జీవన్ ప్రమాణ్, అది 2014 నవంబర్లో మొదలైంది, 2021 నుంచి వేలిముద్రతో పని లేకుండా ముఖంతో కూడా చేసుకోవచ్చు, ఇంట్లోనే, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే. ఈ సంగతి అత్తకి ఒక్కళ్లూ చెప్పలేదు. ఆ సెంటర్లోనైనా చెప్పుండాల్సింది. నాకు ఇప్పటికీ కోపమే.

రెండు యాప్‌లు కావాలి, ఒకటి ముఖాన్ని ఆధార్‌తో పోల్చి చూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ, రెండోది జీవన్ ప్రమాణ్. నా ఫోన్లో స్టోరేజ్ నిండిపోయి ఉంది, స్కూల్ గ్రూపులో వీడియోలన్నీ తీసేస్తే గానీ దిగలేదు. ముందు ఫోన్ ఎవరిదో వాళ్లు ఆపరేటర్‌గా నమోదవ్వాలి, అంటే నా ఆధార్, నా మెయిల్, ఓటీపీ, నా ముఖం. అది ఒక్కసారి చేసుకుంటే చాలు, ఆ ఫోన్‌తో ఎంతమందికైనా చెయ్యొచ్చు. తర్వాత అత్త ఆధార్, అత్త నంబరు. ఓటీపీ రాదే! పది నిమిషాలు చూశాం, డాబా ఎక్కి చూశాం. చివరికి అర్థమైంది, అత్తది బటన్ ఫోన్, దాంట్లో రీఛార్జ్ మెసేజ్‌లు పేరుకుపోయి ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఒక్కోటీ నొక్కి తీసేసరికి నా బొటనవేలు నొప్పెట్టింది. ఈలోగా కరెంటు పోయింది.

ఓటీపీ వచ్చాక వివరాలు నింపాలి. పీపీవో, అంటే పింఛన్ మంజూరు కాగితం, దాని మీదున్న నంబరు, బ్యాంకు అకౌంట్, పింఛన్ సర్వీసుదా ఫ్యామిలీదా, పింఛన్ ఏ బ్యాంకు ద్వారా వస్తోంది. పీపీవో నంబరు ఒక్క అంకె తప్పినా తిరగ్గొట్టేస్తారు, అందుకే కాగితం పక్కన పెట్టుకుని రెండుసార్లు చదివించుకోండి. తర్వాత వచ్చిన ప్రశ్న, మళ్లీ పెళ్లి చేసుకున్నారా అని. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను. అత్త మావయ్య ఫొటో వైపు చూసి "మీ మావయ్య పోయి పదకొండేళ్లయినాది, ఇప్పుడేటి అడుగుతున్నాడు ఈడు? లేదని రాసీ" అంది.

ఇంక ముఖం. గుమ్మం దగ్గర కూర్చోబెడితే వెనక నుంచి వెలుతురు పడి ముఖం నల్లగా వస్తోంది. లోపల కరెంటు లేదు. ఆఖరికి పెరట్లో తెల్ల సున్నం గోడకి ఆనించి, వెలుతురు ఎదర నుంచి పడేలా కూర్చోబెట్టి కళ్లద్దాలు తీయించాను. ఫోన్ రెప్ప వెయ్యమంటది, అత్త ఫొటో తీస్తున్నామనుకుని కళ్లు పెద్దవి చేసి బిగదీసుకుని కూర్చుంటది. నాలుగుసార్లు పోయింది. "అత్తా, పొయ్యి దగ్గర పొగ కళ్లల్లో పడితే ఎలా ఆర్పుతావో అలా" అన్నాను. అంతే, ఒక్క రెప్పపాటు, గుండ్రటి గీత ఆకుపచ్చగా మారింది. సర్టిఫికెట్ అయినట్టు ప్రమాణ్ నంబరు వచ్చేసింది. అత్తకి కాగితం కావాలంట. ఆదివారం జిరాక్స్ షాపు ఎక్కడ తీస్తారు? నంబరు క్యాలెండర్ వెనక పెద్దగా రాసి పెట్టాను.

కందా బచ్చలి కూర ఆవ పెట్టి చేసింది, రెండు ముద్దలు తిన్నానో లేదో, పక్కింటి తాతగారు పీపీవో పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. వెనకాల ఇంకో ఇద్దరు. ఎలా కాదంటాం? అందరివీ అయ్యేసరికి రైలు వెళ్లిపోయింది. కాశీబుగ్గలో బస్సు పట్టుకున్నాను, ఆడవాళ్లకి ఉచితం కదా, ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుని శ్రీకాకుళం దాకా నిలబడే వచ్చాను. ఆమదాలవలసలో దిగలేదని అక్క ఫోన్లో అలిగింది, అలిగి అలిగి చివర్లో "మా మావగారికి కూడా చెయ్యాలే" అంది.

నెలాఖరున అత్త ఫోన్ చేసింది. డబ్బులు పడ్డాయంట, తాతగారికీ పడ్డాయంట. "కార్తీకం అయిపోనాది, కోడి కోస్తాను, ఎప్పుడొస్తావు?" అంది. వచ్చే ఆదివారం అక్క మావగారిది ఉంది, ఆ పై ఆదివారం వస్తానని చెప్పాను.