బంగారు వాక్యం, నలభై నిమిషాలు

"వాక్యం తప్పు లేకుండా చెప్పేశాను కదా నాన్నా, అర్థం కూడా తెలియాలా?"

బైబిల్లోని ఇరవై మూడో కీర్తనలో మొదటి రెండు వచనాలు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని, బట్టీపట్టి, సంఘం ముందు నిలబడి గడగడా చెప్పి చప్పట్లు కొట్టించుకున్న పిల్ల అడిగిన మాట ఇది. అందులో పొగరు లేదు. సండే స్కూల్లో కంఠతా పట్టించే వచనాన్ని బంగారు వాక్యం అంటాం. బంగారు వాక్యం అంటే అప్పజెప్పేది, అప్పజెప్తే స్టిక్కరు వస్తుంది అని నేర్పింది పెద్దవాళ్ళమే. ఇంగ్లండులో ఏదో ఒక చర్చి హాలు మధ్యాహ్నం పూట అద్దెకు తీసుకుని తెలుగులో ఆరాధించుకునే సంఘాలన్నీ ఈ ప్రశ్న దగ్గర కాసేపు ఆగితే మంచిది.

సండే స్కూలు చేతిలో ఉండేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాల్లోనే పిల్లలకి దేవుడు తెలియాలి, తెలుగు రావాలి, పెద్దల్ని గౌరవించడం రావాలి, నవంబరు వచ్చిందంటే క్రిస్మస్ నాటిక కూడా తయారవ్వాలి. వీటిలో మొదటిదే అన్నిటికంటే ముందు పక్కకి పోతోంది.

1780లో గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి మొదలుపెట్టిన సండే స్కూలు చదువు నేర్పేందుకే పుట్టింది. ఆరు రోజులూ పనికి పోయే పిల్లలకి ఆదివారం ఒక్కటే తీరిక, చేతికి దొరికే పుస్తకం బైబిలు. మన పరిస్థితికి ఇంకా దగ్గరగా ఉండేది వేల్స్. బాలా అనే ఊళ్ళో థామస్ చార్లెస్ అనే బోధకుడు నడిపించిన ఉద్యమంలో పిల్లలతోపాటు పెద్దవాళ్ళూ వెల్ష్ భాషలో చదవడం నేర్చుకున్నారు. 1800లో మేరీ జోన్స్ అనే పదిహేనేళ్ళ అమ్మాయి వెల్ష్ బైబిలు కోసం సుమారు నలభై కిలోమీటర్లు నడిచి ఆయన దగ్గరికే వెళ్ళింది. చిన్న భాషని సండే స్కూలు నిలబెట్టగలదని చెప్పేవాళ్ళు వేల్స్‌ని చూపిస్తారు, ఆ మాట నిజమే. కానీ ఆ పిల్లలు ఇంట్లోనూ వీధిలోనూ వెల్షే మాట్లాడేవాళ్ళు. నోట్లో ఉన్న భాషకి సండే స్కూలు అక్షరాలు ఇచ్చింది. మనం అడుగుతున్నది అసలు భాషనే ఇమ్మని. ఇంట్లో అన్నం దగ్గర, కారులో, పడుకోబోయే ముందు ఇంగ్లీషులో మాట్లాడి, ఆదివారం రెండున్నరకి టీచరమ్మ చేతిలో పెట్టి తెలుగు తెప్పించమంటే ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?

అందుకే పాఠం పిల్లలు ఆలోచించుకునే భాషలోనే చెప్పాలి, అంటే ఎక్కువమందికి ఇంగ్లీషులో. తెలుగుకి కొన్ని చోట్లు కేటాయించి, అక్కడ మాత్రం గట్టిగా పట్టుకోవాలి. ప్రభువు ప్రార్థన, ఆరు వారాలకి ఒక కీర్తన, చివర్లో ఆశీర్వాదం. ఈ మూడూ చాలు. ప్రభువు ప్రార్థనని వారానికి ఒక్క ముక్క చొప్పున తీసుకోండి. "పరలోకమందున్న మా తండ్రీ" అన్న ముక్క మొదటి వారానికి సరిపోతుంది. ముందు అది ఏం అడుగుతోందో ఇంగ్లీషులో మాట్లాడుకుని, ఆ తర్వాతే తెలుగులో అనిపించాలి. మధ్యలో సెలవులు పోను ఒక టర్ములో ప్రార్థన మొత్తం వస్తుంది, అర్థంతో సహా వస్తుంది.

ఇంగ్లీషు అక్షరాల్లో రాసిచ్చే పద్ధతి మానేస్తేనే మేలు. ఆ అక్షరాల్లో త, ట ఒక్కటే. ద, డ ఒక్కటే. ల, ళ ఒక్కటే. దీర్ఘాలు ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాస్తారు. ఎనిమిదేళ్ళప్పుడు అలా పడిన ఉచ్చారణ పద్దెనిమిదేళ్ళకీ వదలదు. దాని బదులు ఊళ్ళో ఉన్న అమ్మమ్మనో నాయనమ్మనో ఒక ముక్క వాట్సాప్‌లో ఇరవై సెకన్లు చదివి పంపమనండి. పిల్ల రోజుకి రెండుసార్లు విని వెంట అంటే చాలు. నేర్పిన గొంతు ఎవరిదో పిల్లకి తెలుస్తుంది. ఆవిడకీ వారానికి ఒక పని దొరుకుతుంది.

ఇక పాఠం. అన్ని వయసులకీ ఒకే వారం ఒకే వాక్యభాగం పెట్టుకోవడం చిన్న సంఘాలకి బాగా కుదురుతుంది. ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో అందరి దగ్గరా ఒకే కథ ఉంటుంది కనుక మాట దానంతట అదే మొదలవుతుంది. లూకా 15లో తప్పిపోయిన కుమారుని కథే తీసుకోండి. ఆస్తిలో వాటా పట్టుకుని దూరదేశం పోయి, అంతా పోగొట్టుకుని తిరిగొచ్చిన చిన్నకొడుకుని తండ్రి విందు చేసి చేర్చుకుంటాడు, ఇంటిపట్టునే ఉన్న పెద్దకొడుకు కోపంతో లోపలికి రానంటాడు. అయిదేళ్ళలోపు వాళ్ళకి 20వ వచనం ఒక్కటే: నాన్న దూరంనుంచి చూశాడు, పరుగెత్తాడు, ముద్దుపెట్టుకున్నాడు. హాలు ఒక చివరినుంచి ఇంకో చివరికి పరుగెత్తించి, అక్కడ ఆపి హత్తుకోండి. పాఠం అంతే. ఎనిమిది నుంచి పదకొండేళ్ళ వాళ్ళకి పెద్దకొడుకు. ఆ వయసులో న్యాయం అన్యాయం లెక్కలు చాలా గట్టిగా ఉంటాయి. 'అతనికి కోపం రావడం తప్పా?' అని అడిగి, తరవాత టీచరు మాట్లాడకుండా ఉండాలి. నిశ్శబ్దం ఇరవై సెకన్లు దాటితే మనకి చెమటలు పడతాయి, జవాబు మనమే చెప్పేస్తాం. అక్కడే పాఠం చెడిపోతుంది. టీనేజీ వాళ్ళకి 25 నుంచి 32 వరకు చదివించి, పెద్దకొడుకు చివరికి లోపలికి వెళ్ళాడో లేదో కథలో వెతకమనండి. అది కథలో లేదు. పెద్దవాళ్ళ తరగతికి తండ్రి. ఆ రోజు ఆయన ఇల్లు దాటి రెండుసార్లు వచ్చాడు. ఒకసారి చిన్నవాడి కోసం, ఒకసారి పెద్దవాడి కోసం.

ఈ పాఠం జరిగిన వారం ఇంట్లో ఒక ప్రశ్న వస్తుందని ముందే తెలుసుకుని ఉండాలి. "మనమూ దూరదేశం వచ్చేశాం కదా. తాతయ్య కూడా రోజూ అలా చూస్తుంటారా?" దీనికి బైబిలు వచనం వెతికి జవాబు చెప్పకూడదు. అవును, చూస్తుంటారు అని చెప్పాలి. చెప్పి, ఆ రాత్రే ఫోను చేయాలి.

నలభై నిమిషాలు ఎలా పంచుకోవాలంటే: వచ్చి కూర్చోవడానికి, హాజరుకి అయిదు. పాటకి ఏడు. వాక్యభాగానికి పన్నెండు, అంతకు మించితే చిన్నవాళ్ళు కుర్చీల కింద ఉంటారు. చేతిపనికో మాటలకో పది. ప్రార్థనకి ఆరు. ఆరు ఎందుకంటే పిల్లలే చేయాలి, పిల్లల ప్రార్థనలకి టైము పడుతుంది. కత్తిరించడం, అంటించడం లాంటి పని పెట్టుకుంటే ముక్కలు ముందురోజు రాత్రే కత్తిరించి కవర్లలో పెట్టుకోవాలి. జిగురు ఆరడానికి పట్టే సమయం ఎవరూ లెక్కలో వేసుకోరు.

ఒక తరగతి లోపల గుంపులు మాత్రం వయసునిబట్టి కాకుండా చదవగలిగినదాన్నిబట్టి చేయడం నయం. నిరుడు విజయవాడనుంచి వచ్చిన పదేళ్ళవాడికి తెలుగు అనర్గళం, ఇంగ్లీషులో తడబాటు. ఇక్కడే పుట్టిన పదేళ్ళదానికి అది తిరగబడుతుంది. ఇద్దర్నీ జంటగా కూర్చోబెట్టి, ఒకరు తెలుగు బైబిలు, ఒకరు ఇంగ్లీషు బైబిలు పట్టుకుని ఒక్కో వచనం చదివితే ఇద్దరూ నేర్చుకుంటారు, ఇద్దరిలో ఎవరూ తక్కువ కాదు.

పిల్లల భద్రత దగ్గర మొహమాటం పనికిరాదు. "మనవాళ్ళే కదా" అన్న మాట దగ్గరే ప్రమాదం మొదలవుతుంది. పిల్లల రక్షణ కోసం పనిచేసే ఎన్ఎస్‌పీసీసీ అనే ఇక్కడి సంస్థ సూచించే లెక్క ఇది: రెండుమూడేళ్ళ వాళ్ళు నలుగురికి ఒక పెద్ద, నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ వాళ్ళకి ఆరుగురికి ఒకరు, తొమ్మిది నుంచి పన్నెండుకి ఎనిమిదిమందికి ఒకరు, ఆపైన పదిమందికి ఒకరు. పిల్లలు ముగ్గురే ఉన్నా గదిలో పెద్దలు ఇద్దరుండాలి, ఆ ఇద్దరూ భార్యాభర్తలు కాకుంటే మంచిది. టీచర్లకి డీబీఎస్ చెక్కు, అంటే నేరచరిత్ర ఉందేమో చూసే ప్రభుత్వ తనిఖీ, కావాలి, వాలంటీర్లకి దాని ఫీజు ఉండదు. సర్టిఫికెట్ వచ్చిన ముప్ఫై రోజుల్లోపు అప్‌డేట్ సర్వీసులో చేరితే మళ్ళీ మళ్ళీ మొదటినుంచి పెట్టుకోనక్కరలేదు. ఇటీవలే ఈ దేశం వచ్చినవాళ్ళ విషయంలో ఆ చెక్కు పెద్దగా ఏమీ చెప్పదు, ఇంతకుముందు వాళ్ళు వెళ్ళిన సంఘంనుంచి రిఫరెన్సు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. ఎలర్జీల కాగితం గది తలుపు మీదే ఉండాలి. మన పల్లీ చిక్కీ, జీడిపప్పు కేకు ఎంతో ప్రేమగా తెస్తారు, పడనివాడికి అదే ప్రాణం మీదకి వస్తుంది. తల్లిదండ్రుల సంతకం లేకుండా ఏ పిల్లాడి ఫొటోనూ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టకూడదు.

టీచర్ల సంగతి ఎవరూ పట్టించుకోరు. పాఠం ప్రసంగం జరిగేటప్పుడే పెడితే ఆవిడ ఏడాది పొడుగునా ప్రసంగం వినదు. రెండేళ్ళకి ఆవిడ ఆత్మ ఎండిపోతుంది, అప్పుడు "సేవలో ఉత్సాహం తగ్గింది" అంటాం. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు పెట్టి, బడి టర్ము మధ్యలో వచ్చే సెలవు, హాఫ్ టర్మ్, నుంచి ఇంకో హాఫ్ టర్మ్‌కి మార్చండి.

పెద్దవాళ్ళ తరగతి లేని సండే స్కూలు సగమే. ఆరాధనకి ముందు టీ తాగుతూ ఇరవై అయిదు నిమిషాలు, పిల్లలు చదివే భాగమే, మూడు ప్రశ్నలు. రెండో ప్రసంగం కాకూడదు. బాగా తెలిసినవాళ్ళు ఆఖర్న మాట్లాడాలన్న నియమం పెట్టుకుంటే కొత్తవాళ్ళు నోరు విప్పుతారు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన తాతయ్యలకి, అమ్మమ్మలకి తెలుగు పఠనం అప్పగించండి. వాళ్ళు మూల కుర్చీలో మౌనంగా కూర్చుని వెళ్ళిపోతే సంఘానికి పెద్ద నష్టం.

ఈ తరగతి అవసరం టీనేజీ పిల్లలవల్లే తెలుస్తుంది. ఇంగ్లండులో పదహారేళ్ళప్పుడు రాసే జీసీఎస్ఈ పరీక్షల్లో రెలిజియస్ స్టడీస్ తీసుకుంటే రెండు మతాలు చదవాలి. దేవుడు ఉన్నాడన్న వాదనా, లేడన్న వాదనా రెండూ నేర్చుకుని అన్నం దగ్గర మనల్ని అడుగుతారు. "తెలుగు అసోసియేషన్ ఉగాదికి మనం వెళ్ళొచ్చా?" అని అడుగుతారు. దీని మీద మన కుటుంబాలు ఒక్కొక్కటి ఒక్కో నిర్ణయంలో ఉంటాయి, టీచరు ఏ ఇంటి నిర్ణయాన్నీ తరగతిలో కొట్టిపారేయకూడదు. పెళ్ళి సంబంధాల మాటలు విని "క్రీస్తులో అందరం ఒకటే అయితే కులం ఎందుకు అడుగుతున్నారు?" అనీ అడుగుతారు. గలతీయులకు 3:28 వాళ్ళకి కంఠతా నేర్పింది మనమే. ఆ ప్రశ్నకి జవాబు పిల్లల తరగతిలో దొరకదు, పెద్దలు తమలో తాము తేల్చుకోవాలి.

టీనేజీ వాళ్ళని పదమూడు రాగానే చిన్నపిల్లల దగ్గర సాయానికి పెట్టేస్తున్నాం. చూడ్డానికి బాగుంటుంది, కానీ నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. నెలకి ఒక ఆదివారం సాయం, మిగతావి తమ తరగతి, అంతకు మించొద్దు.

ఇంత చెప్పాక కూడా భాష దగ్గర నాకు సందేహం తీరదు. పాఠం ఇంగ్లీషులో నడిస్తే, పద్దెనిమిదో ఏట యూనివర్సిటీకి వెళ్ళిన పిల్లలు అక్కడి ఇంగ్లీషు సంఘంలో తేలిగ్గా కలుస్తారు, తెలుగు ఆరాధనకి తిరిగి రాకపోవచ్చు. విశ్వాసం నిలిచింది కనుక చాలు అనాలో, నాయనమ్మ పాడిన కీర్తన వాళ్ళతోనే ఆగిపోయిందని బాధపడాలో తెలియడం లేదు. తెలుగే పట్టుకుని కూర్చుంటే రెండూ పోయే ప్రమాదం ఉందని తెలిసి కూడా మనసు తెలుగు వైపే లాగుతుంది. ఆ మొండితనం విశ్వాసంలోంచి వస్తోందా, ఊరి మీద బెంగలోంచి వస్తోందా అని అడిగితే నిజాయితీగా చెప్పలేను.

చేయగలిగిన పని మాత్రం ఒకటుంది. పిల్లలు సెప్టెంబరులో ఇల్లు వదిలే ముందే, జూలైలోనే, ఆ ఊళ్ళో ఏ సంఘం ఉందో కనుక్కుని అక్కడి పాస్టరుగారికి ఒక ఈమెయిలు రాయాలి. మొదటి మూడు ఆదివారాలూ ఎవరో ఒకరు ఫోను చేయాలి. అది అమ్మా నాన్నా కాకుండా, సండే స్కూల్లో పాఠం చెప్పిన అక్కో అన్నయ్యో అయితే వాళ్ళు ఫోను ఎత్తుతారు.