చెరువు మట్టితో గ్లేజు: ఈ ఏడాది కొలిమి పని

ఈ ఏడాది నా సిరామిక్ పనిలో చెప్పుకోదగ్గ ముందడుగు గ్లేజులోనే, అంటే పాత్ర మీద కరిగి గాజులా నిలిచే పూతలోనే పడింది. వరంగల్ వైపు మా ఊరి చెరువు నుంచి సంచిలో తెచ్చుకున్న మట్టి, 1,230 డిగ్రీల దగ్గర స్టోన్‌వేర్ (ఎక్కువ వేడికి కాలి రాయిలా గట్టిపడే మట్టి) కప్పు మీద కరిగి, చింతపండు పులుసు రంగులో నిగనిగలాడే పూతగా నిలిచింది.

ఆ మట్టితో నా పరిచయం చిన్ననాటిది. మా ఊరి కుమ్మరి సారె మీద కుండను మందంగా లాగి దించి, కాస్త ఆరిన తర్వాత లోపల గుండ్రాయి ఆనించి, బయట చెక్కతో తట్టుతూ గోడను పలచన చేస్తూ ఉంటే, బడి వదిలిన పిల్లలం అక్కడే కూర్చుని చూసేవాళ్లం. మిగిలిన ముద్ద అడిగితే లేదనేవాడు కాదు. గోడ మందాన్ని వేలితో పసిగట్టే అలవాటు నాకు అక్కడే అబ్బింది. స్టోన్‌వేర్ మాత్రం చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులో నేర్చుకున్నాను. పుదుచ్చేరిలో రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో శిక్షణ పొందినవారి దగ్గర పని నేర్చుకున్న ఒకరు నాకు గురువు. ఇప్పుడు మేడ మీది గదిలో కరెంటు సారె, చిన్న విద్యుత్ కొలిమి ఉన్నాయి.

ఇనుము ఎక్కువగా ఉన్న చెరువు మట్టి ఆవం వేడికి కాలి ఎర్రని కుండ అవుతుంది గానీ, 1,200 డిగ్రీలు దాటిస్తే ఉబ్బి, మెత్తబడి, ఆకారం కోల్పోతుంది. పాత్రకు పనికిరాని ఆ గుణమే పూతకు పనికొస్తుంది. మట్టిని నీటిలో నానబెట్టి, సన్నని జల్లెడలో వడగట్టి, ఆరబెట్టి, అందులో సగాన్ని 700 డిగ్రీల దాకా కాల్చి పొడి చేస్తాను. అంతా పచ్చి మట్టే వాడితే పూత ఆరేటప్పుడు కుంచించుకుని పగుళ్లు తేలి, కొలిమిలో ముడుచుకుపోతుంది. దీనికి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజపు పొడి, పూత కరగడానికి తోడ్పడే బోరాన్ ఫ్రిట్ (ఒక రకం గాజు పొడి) కొంచెం కలుపుతాను. నీళ్లు కలిపాక వంద మిల్లీలీటర్ల ద్రవం 145 గ్రాముల దగ్గర తూగితే, పాత్రను అందులో మూడు సెకన్లు ముంచడం సరిపోతుంది. పొడులు కలిపేటప్పుడు ముక్కుకు మంచి మాస్కు తప్పనిసరి. సిలికా దుమ్ము విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను.

పూత వేయక ముందు పాత్రకు మొదటి కాల్పు 1,000 డిగ్రీలకు. తేమ పూర్తిగా పోయేందుకు రాత్రంతా 80 డిగ్రీల దగ్గర ఉంచి, తర్వాత గంటకు వంద చొప్పున 600 దాకా ఎక్కిస్తాను, ఎందుకంటే 573 డిగ్రీల దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. గ్లేజు కాల్పులో పూత కారి కొలిమిలోని పలకకు అంటుకోకుండా పాత్ర అడుగు అంచును తడి స్పాంజితో తుడవడం ఎంత తొందరలోనూ మానను.

ఇక పళ్లేల సంగతి. నేను వాడే స్టోన్‌వేర్ మట్టి పచ్చిగా ఉన్నప్పటి నుంచి కాలే సరికి సుమారు 12 శాతం కుంచించుకుంటుంది, కాబట్టి 22 సెంటీమీటర్ల పళ్లెం కావాలంటే సారె మీద 25 తీస్తాను. వేసవిలో అంచు ముందే ఆరిపోయి పళ్లెం పైకి లేస్తున్నందున, అంచుకు పాలిథిన్ పట్టీ చుట్టి, నడిమి భాగాన్ని తెరిచి ఉంచి, సగం ఆరి తోలంత గట్టిదనానికి రాగానే జిప్సం పలక మీద బోర్లిస్తున్నాను. వచ్చే కాల్పులో చెరువు మట్టి గ్లేజు మొదటిసారి ఈ పళ్లేల మీదికి ఎక్కుతుంది. చదునైన చోట అది కప్పు గోడ మీద కంటే మందంగా నిలుస్తుంది గనుక, మునిగే సమయాన్ని రెండు సెకన్లకు తగ్గిస్తున్నాను.