మళ్ళీ అదే గొడవ

2025 ఆగస్టు 28, తెల్లవారుజాము. మాంచెస్టర్ యునైటెడ్ ఆటగాడు ఎంబ్యూమో కొట్టిన పెనాల్టీ బార్‌కి తగిలిన మరుక్షణం మా యునైటెడ్ అభిమానుల గ్రూప్‌లో యుద్ధం మొదలైంది. షూటౌట్‌లో ఇరవై ఆరో కిక్ అది. 12-11తో ఓడాం. మాంచెస్టర్ యునైటెడ్‌ని లీగ్ కప్ నుంచి గెంటేసింది ఎవరయ్యా అంటే నాలుగో డివిజన్‌లో ఆడే గ్రిమ్స్‌బీ!

తెల్లవారుజామున మూడు కావస్తోంది, ఒక్కడూ పడుకోడు. సగం మంది "కోచ్ అమోరిమ్‌ని ఇవాళే పంపించేయాలి" అంటే, మిగతా సగం "టైమ్ ఇవ్వండ్రా, 1986లో మన కోచ్‌గా వచ్చిన ఫెర్గూసన్‌కే మొదటి కప్పుకి 1990 దాకా పట్టింది" అని. ఈ ఫెర్గూసన్ లెక్క తర్వాతి కోచ్‌లు మోయెస్ అప్పుడూ విన్నాం, టెన్ హాగ్ అప్పుడూ విన్నాం.

నాకు కాలింది ఓటమికి కాదు. అవతల మ్యాచ్ నడుస్తుంటే, వానలో డగౌట్‌లో కూర్చుని ఈ అమోరిమ్ చిన్న బోర్డు మీద బిళ్ళలు జరుపుకుంటున్నాడు! పోయిన సీజన్ 15వ స్థానం, బిల్బావోలో టాటెన్‌హామ్ చేతిలో యూరోపా లీగ్ ఫైనల్ కూడా పోయింది, అయినా వెనకాల ముగ్గురిని పెట్టే అదే 3-4-2-1 అమరిక.

అలాగని తీసేస్తే? ఈ వేసవిలో కూన్యా, ఎంబ్యూమో, షెష్కోలని కోట్లు పోసి కొన్నది ఈయన ఉండగానే కదా. రేపొచ్చేవాడు డిఫెన్స్‌లో నలుగురు కావాలంటాడు, మళ్ళీ ఆటగాళ్ళ సంత మొదలు. తప్పు కోచ్‌లదేనా, వాళ్ళని ఎంచుకునే పైవాళ్ళదా అంటే మాత్రం గ్రూప్‌లో ఎవడూ మాట్లాడడు.

ఎల్లుండి బర్న్‌లీతో మ్యాచ్. గెలిస్తే "చూశారా" అని ఒక బ్యాచ్, ఓడితే ఇంకో బ్యాచ్. నేనైతే గ్రూప్ మ్యూట్‌లో పెట్టి చూస్తా.