చేప బాగుంది, నత్తలే పోయాయి

ఆదివారం, తిరుపతి. పొద్దున్నుంచే ఎండ మండిపోతోంది. ఇంట్లో సముద్రపు చేపలకు ఉప్పునీటి తొట్టి పెట్టుకున్నవాళ్లకు గడ్డుకాలం.

కొత్త తొట్టిలో తరచూ జరిగేదే ఇది. క్లౌన్ చేప హాయిగా ఈదుతుంటుంది. నత్తలు అద్దం వదిలేసి ఇసుకలో వెల్లకిలా పడుంటాయి. నీటి పరీక్ష కిట్‌లో చూస్తే చేపలకు విషమయ్యే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా. అప్పుడు పరీక్షలే మళ్లీ మళ్లీ చేయడం కంటే, ఏ జీవి ఎప్పుడు పోయిందో రాసిపెట్టుకోవడం మేలు.

వేసిన రోజే, మర్నాడే పోతే ఉప్పును అనుమానించాలి. చేప ఒంట్లో ఉప్పును సర్దుకుంటుంది. నత్తకూ రొయ్యకూ ఆ వెసులుబాటు తక్కువ. చెన్నై కొళత్తూరు చేపల బజారు నుంచి తెచ్చిన సంచిలో నీళ్ల సాంద్రత 1.020, తొట్టిలో 1.026 ఉంటే ఒక్కసారిగా వదలకూడదు. తొట్టి నీళ్లను చుక్కచుక్కగా సంచి నీళ్లలో కలపడానికి మందుల షాపులో దొరికే ఐవీ సెట్ (సెలైన్ గొట్టం) చాలు. సెకనుకు మూడు చుక్కలు పడితే అరలీటరు నీళ్లు గంటలో లీటరవుతాయి. సగం పారబోసి ఇంకో గంట. ఉప్పును కొలిచే రిఫ్రాక్టోమీటరును మామూలు నీళ్లతో కాదు, 35 పీపీటీ (వెయ్యి పాళ్లలో 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోవాలి.

వారం పది రోజుల్లో నత్తలూ రొయ్యలూ ఒక్కొక్కటిగా పోతూ చేప మాత్రం బాగుంటే, నా అనుమానం రాగి మీదే. మన ఇళ్లలో బోరు నీళ్లకు పెట్టే ఆర్ఓ మెషిన్లలో ఇప్పుడు చాలావాటికి కాపర్ కార్ట్రిడ్జ్ ఉంటోంది. మనిషికి మంచిదని అమ్ముతారు, నత్తకది విషం. నీళ్లలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు ఆ కాస్త రాగిని పట్టుకోలేదు. మామూలు కాపర్ కిట్ సున్నా చూపినా నమ్మకం లేదు. మెషిన్‌లో నీళ్లను వడపోసే మెంబ్రేన్ దాటగానే, కాపర్ కార్ట్రిడ్జ్‌కూ, లవణాల నీళ్లు మళ్లీ కాస్త కలిపే టీడీఎస్ కంట్రోలర్‌కూ ముందే, T ఆకారపు పైపు జాయింట్ పెట్టి నీళ్లు తీసుకోవాలి. ఆ నీళ్లను, మిగిలిన లవణాలను లాగేసే డీఐ రెసిన్‌లోంచి పంపి టీడీఎస్ సున్నాకు తేవాలి. ఇత్తడి నల్లా, తుప్పు పట్టిన పంపు మాగ్నెట్, కాపర్ మందు పడిన పాత తొట్టిలోని రాళ్లు కూడా చూసుకోవాలి. ఆ రాళ్లు రాగిని పీల్చుకుని నెమ్మదిగా వదులుతాయి. ముందు మూలం తీసేసి, రాగిని పట్టే రెసిన్ వేసి, రెండు రోజులకోసారి పావు వంతు నీళ్లు మార్చాలి.

రొయ్యలూ పీతలూ ఒక్క రాత్రిలో పోయి నత్తలు బతికుంటే కథ వేరు. గదిలో దోమల లిక్విడో, బొద్దింకల స్ప్రేయో వాడుంటారు. వాటిలోని పైరెత్రాయిడ్లు రొయ్య జాతికి ప్రాణాంతకం, నత్తల మీద అంతగా పనిచేయవు. ఎయిర్ పంపూ, నురుగుతో మురికి తీసే స్కిమ్మరూ ఆ గదిగాలినే లాగి నీళ్లలో కలుపుతాయి. దోమలకు తెర కట్టుకోవడమే దారి.

ఈ ఎండలకు తొట్టి మీద ఫ్యాన్ పెడితే చల్లబడుతుంది, కానీ నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరవదు. వంద లీటర్లలో మూడు లీటర్లు తగ్గితే 35 పీపీటీ కాస్తా 36 అవుతుంది. ఆ లోటు ఉప్పులేని డీఐ నీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు.

నెలలు గడిచాక ఒక్కో నత్తే పోతుంటే, అద్దం తళతళలాడుతుంటే, అది ఆకలి. నోరి (ఎండబెట్టిన సముద్రపు నాచు) ముక్కను రాయికి కట్టి రాత్రిపూట దింపితే తింటాయి. ఇసుక జల్లించే నక్షత్ర చేపకు మాత్రం కొత్త ఇసుకలో తినడానికేమీ ఉండదు. దాన్ని ఏడాది లోపు తొట్టిలో వేయకపోవడమే మంచిది. చిన్న తొట్టిలో ఆ తర్వాతా వద్దనే అంటాను.